నలభై గంటల సేవకు నా బార్ చార్టు

ఆ రోజుల్లో నేను డిగ్రీ విద్యార్థిని. విద్యార్థి అనగానే పాఠకులు నూనూగు మీసాల కుర్రవాడిని ఊహించుకుంటారు. అంకెల విషయంలో అస్పష్టత నాకు గిట్టదు కనుక ముందే చెప్పేస్తున్నాను, అప్పటికి నా వయసు యాభై ఎనిమిది. మీసాలున్నాయి, పూర్తిగా తెల్లవి. అయినా ఆ మూడేళ్ళనూ నేను నా యౌవనంలోనే జమకడతాను. హాల్ టికెట్టు పోగొట్టుకుని ఇల్లంతా తిరగేయడం, పరీక్ష రోజు పొద్దున్నే పెన్ను రాస్తుందో లేదో పదిసార్లు గీసి చూసుకోవడం, సాటి విద్యార్థినిని నోట్సు అడిగితే ఆమె మొహం తిప్పుకుని వెళ్ళిపోవడం లాంటి యౌవనపు అనుభవాలన్నీ నాకు అప్పుడే కలిగాయి. (ఆ సాటి విద్యార్థిని మా అమ్మాయి.)

మేము సౌదీ అరేబియాలో, అల్ ఖోబర్‌లో, అజీజియా పేటలో ఉంటాం. మా ఆవిడ నర్సు. నేను సివిల్ డిప్లొమా చదివి ఒక కాంట్రాక్టు కంపెనీ ప్లానింగ్ విభాగంలో చేరినవాణ్ణి. పునాది తవ్వకం మొదలుకొని గోడల రంగు వరకు ఏ పని తర్వాత ఏ పని రావాలో, దేనికి ఎన్ని రోజులు పట్టాలో రంగురంగుల అడ్డగీతలు గీసి చూపడమే నా ఉద్యోగం. పన్నెండో తరగతి తర్వాత మా అమ్మాయి ఇక్కడి స్టడీ సెంటర్ ద్వారా దూరవిద్యలో డిగ్రీ చేయాలనుకుంది. "ఒక్కదాన్నే చదవాలంటే బోర్ నాన్నా, నువ్వు కూడా జాయిన్ అయిపో" అని నవ్వుతూ అంది. నాతో నవ్వుతూ మాట్లాడినప్పుడు అది హాస్యమని విడిగా చెప్పాలి, లేకపోతే నేను దాన్ని పనిగా నమోదు చేసుకుంటాను. మర్నాడు సాయంత్రం రెండు దరఖాస్తులు తీసుకొచ్చాను. ఆమె మొహంలో కనిపించినది ఆనందం కాదని తెలుసుకోవడానికి నాకు ఒక సెమిస్టరు పట్టింది.

ఆ డిగ్రీతో పాటు పౌర భాగస్వామ్యం అనే సర్టిఫికెట్ కోర్సు ఉండేది. సమాజం పట్ల బాధ్యత గల పౌరులుగా మసలుకోవడం ఎలాగో నేర్పే కోర్సు అది. రెండు పేపర్లు రాయాలి, నలభై గంటలు స్వచ్ఛందంగా సేవ చేయాలి, చివర ఒక నివేదిక ఇవ్వాలి. చేరడం తప్పనిసరి కాదు. కానీ పట్టాలిచ్చే సభలో సర్టిఫికెట్ కూడా పూర్తిచేసినవాళ్ళకు వేదిక ముందు మొదటి వరస కేటాయిస్తారని తెలిసింది. మా అమ్మాయి ఆ వరసలో కూర్చోబోతోంది, ఆమె ఏ పని మొదలుపెట్టినా పూర్తిచేస్తుంది. నాకు ఆమె పక్క కుర్చీ కావాలి. ఆమె స్కూల్లో ప్రతి బహుమతి సభలోనూ వెనక వరసల్లో, ఎవరిదో తలపాగా పక్కనుంచి మెడ చాచి చూసినవాణ్ణి. ఒక్కసారి పక్కన కూర్చోవాలని కోరిక పుట్టింది. ఆ సభ ఆమెకు ఒక్కసారే వస్తుంది, నా గంటలు అప్పటికి పూర్తికాకపోతే నాకు మళ్ళీ వెనక వరసే. మా ఆవిడ అయితే నాకు వెనకే చోటు అట్టేపెట్టేసింది. "మీరు నా పక్కనే కూర్చుందురుగాని లెండి, ఏసీ గాలి కూడా అక్కడే బాగా తగులుద్ది" అంది ఓదార్పుగా.

నేను ఓదార్పును నమ్మను, చార్టును నమ్ముతాను. మూడో ఏడు మొదట్లోనే నలభై గంటల సేవకూ ఒక బార్ చార్టు తయారుచేసి ఫ్రిజ్ తలుపుకు అతికించాను. సముద్రతీరం శుభ్రపరచడం ఆకుపచ్చ గీత, ఆసుపత్రిలో రోగులకు సాయం నీలం గీత, రంజాన్ నెలలో ఉపవాసం విడిచేవారికి ఇఫ్తార్ వడ్డన కాషాయం గీత. ఏ సేవ ఆలస్యమైతే ఏ సేవ వెనక్కి జరుగుతుందో బాణపు గుర్తులు వేశాను. అవాంతరాలకు అయిదు గంటలు విడిగా ఉంచాను. (కాంక్రీటు పనిలో దీన్ని ఎవరూ అడగకుండానే ఉంచుతారు. సేవా రంగంలో ఎందుకు ఉంచరో నాకు అప్పుడు అర్థం కాలేదు.) మా ఆవిడ పాలు తీయడానికి వచ్చి చార్టు ముందు ఆగింది.

"ఏవండీ, ఈ నీలం గీత ఏంటి?"

"మీ ఆసుపత్రిలో సేవ."

"మా ఆసుపత్రిలోనా? ఈ ఊళ్ళో ఇంకో ఆసుపత్రే లేదా?"

"నీ ద్వారా అనుమతి త్వరగా వస్తుందని లెక్కవేశాను."

ఆమె ఫ్రిజ్ తలుపు కొంచెం గట్టిగానే వేసింది. ఆకుపచ్చ గీత ఒక చివర ఊడింది. దాన్ని మళ్ళీ అతికించాను.

ఆకుపచ్చ గీత ప్రకారం ఒక శనివారం ఉదయం సముద్రం ఒడ్డున ఉన్న కార్నీష్‌కు వెళ్ళాను. అంతా కాలేజీ పిల్లలు. స్వచ్ఛంద సేవకులకు ఇచ్చే పసుపు కోట్లు కూడా వాళ్ళ కొలతలకే కుట్టినవి, నా పొట్ట దగ్గర అడుగు దూరం మిగిలిపోయింది. కోటు లేకుండానే ఇసుకలోకి దిగి, మొదటి ప్లాస్టిక్ సీసా కోసం వంగాను. అంతే, ఇద్దరు సౌదీ కుర్రాళ్ళు పరుగున వచ్చారు. ఒకడు సీసా తీశాడు, రెండోవాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "బాబాయ్, మీరెందుకు, మేం లేమా" అన్న భావం వచ్చే అరబ్బీ మాటలేవో అంటూ ఎక్కడినుంచో ఒక మడత కుర్చీ తెచ్చి నన్ను కూర్చోబెట్టారు. గొడుగు పాతారు. మామిడి రసం ఇచ్చారు. కాసేపటికి తమ ఫోన్లు, సంచులు, ఒకరి బూట్లు కూడా నా ఒళ్ళో పెట్టి వెళ్ళారు. నేను లేస్తే అవన్నీ ఇసుకలో పడతాయి కనుక లేవలేదు. చివర తీసిన ఫొటోలో నేను మధ్యలో కూర్చుని ఉన్నాను. చూసినవారంతా ముఖ్య అతిథి అనుకున్నారు.

స్టడీ సెంటర్‌లో మా సేవా గంటలను లెక్కించే ఆవిడది కరీంనగర్. ఎప్పుడు కనిపించినా గంటలెన్నయినయి అనే అడిగేది కనుక మేమంతా ఆవిణ్ణి గంటల మేడం అనేవాళ్ళం. ఆ ఫొటో చూసి ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుంది.

"సార్, అందరు చెత్త ఏరుతున్నరు. మీరు జ్యూస్ తాగుతున్నరు."

"బలవంతపెట్టారమ్మా."

"నాకు తెల్సు సార్, మీరు మంచోళ్లు. కానీ కుర్చీల కూసున్న గంటలు లెక్కకు రావు. రూలు గదే."

రూలు అన్న తర్వాత నేను వాదించను. ఆకుపచ్చ గీతకు ఎదురుగా సున్న వేసి, నీలం గీతకు మళ్ళాను. ఆసుపత్రి గుమ్మం దగ్గర నడవలేని రోగులను చక్రాల కుర్చీలో లోపలికి తీసుకువెళ్ళడం నా పని. సమయానికి ముందే చేరే అలవాటు వల్ల, దూరంగా పార్కు చేసిన కారు నుంచి ఎండలో గబగబా నడిచి వచ్చి, ఒక ఖాళీ చక్రాల కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. చెమట ధారగా కారుతోంది. కొత్తగా చేరిన ఒక ఫిలిప్పీన్స్ నర్సు నన్ను చూసింది. చెమట, తెల్ల మీసాలు, కుర్చీని గట్టిగా పట్టుకున్న చేతులు, ఈ మూడింటినీ కలిపి ఆమె తేల్చుకున్న విషయం వైద్యపరంగా తప్పని నేను అనను. "సిట్, సర్, సిట్" అంది. నేను వాలంటీర్‌నని చెప్పాను. "యెస్, యెస్, వాలంటీర్. సిట్" అని భుజాలు పట్టి కూర్చోబెట్టి లోపలికి తోసుకుపోయింది. రక్తపోటు చూశారు. ఎక్కువగా ఉంది. అంకెలను నమ్మేవాణ్ణి కనుక నాకూ భయం పట్టుకుంది, రెండోసారి చూస్తే ఇంకా పెరిగింది. మూడోసారి చూసి పడుకోబెట్టారు. మా ఆవిడకు పై అంతస్తుకు ఫోన్ వెళ్ళింది, మీ వారు ఎమర్జెన్సీలో ఉన్నారని.

ఆమె పరుగెత్తుకుంటూ వచ్చి తెర పక్కకు లాగింది. "ఏమైందండీ?"

"ఏం కాలేదు. సేవ చేస్తున్నాను."

"పడుకునా?"

ఇంటికి వచ్చాక ఆమె ఫ్రిజ్ మీదున్న నీలం గీతను తన చేత్తోనే చింపేసింది. ఇన్నేళ్ళు ఆ ఆసుపత్రిలో తలెత్తుకు తిరిగానని, ఇప్పుడు లిఫ్టు ఎక్కితే ప్రతివాళ్ళూ వాలంటీర్ ఎలా ఉన్నారని అడుగుతున్నారని చెప్పింది. మా అమ్మాయి అప్పటికే తన నలభై గంటలూ పూర్తిచేసుకుంది. ఒక సేవా సంస్థలో ఆడపిల్లలతో కలిసి ఆహార పొట్లాల డబ్బాలు మోసి, అరచేతుల్లో కాయలు కాయించుకుని మరీ. ఆమె ఆ చేతులతో నాకు టీ ఇస్తూ, "నాన్నా, నువ్వు వెనక కూర్చున్నా నాకేం ఫీలింగ్ లేదు, నిజంగా" అంది. ఆ మాట మంచితనంతోనే అంది. అందుకే ఎక్కువ బాధపెట్టింది.

మిగిలింది కాషాయం గీత. మా వీధి మసీదు పక్కన రంజాన్‌లో పెద్ద గుడారం వేస్తారు. దారిన పోయే ఎవరైనా సరే వెళ్ళి కూర్చుంటే సూర్యాస్తమయానికి ఖర్జూరాలు, లబన్ అనే మజ్జిగ, సమోసా, మాంసం వేసి వండిన అన్నం పెడతారు. నువ్వెవరు, ఏ మతం అని అడగరు. ఒక్కో సాయంత్రం చాపలు పరవడం నుంచి తీయడం వరకు గంటన్నర పని. నెల్లాళ్ళూ వెళితే నలభై ఐదు, నా అవాంతరాల అయిదు గంటలతో సహా సరిపోయింది. కంపెనీలో రంజాన్ వేళలు కనుక సాయంత్రాలు ఖాళీయే. లెక్కలో ఎక్కడా దోషం లేదు. ఇప్పుడు వెతికినా దొరకదు.

దోషం గుడారం పెద్ద దగ్గర వచ్చింది. ఆయన నా వయసు సౌదీ, గడ్డానికి నల్లరంగు వేసేవాడు, ఇంటి డ్రైవర్ల దగ్గర నేర్చుకున్న హిందీ ధారాళంగా మాట్లాడేవాడు. మొదటి సాయంత్రం వెళ్ళి, నేను వడ్డించడానికి వచ్చానని చెప్పాను. "చాలా మంచిది హాజీ. ముందు కూర్చో. తిను. తర్వాత చూద్దాం" అన్నాడు. (నేను నరసాపురంలో బాప్తిస్మం పొందినవాణ్ణి. కానీ తెల్లజుట్టువాళ్ళందరినీ ఆయన హాజీ అనే పిలిచేవాడు.) తిన్నాను. తిన్న మరుక్షణం ఆయన మనుషులు చాపలు చుట్టేసి, నేల తుడిచేసి, నమాజుకు వెళ్ళిపోయారు. చూద్దామన్నది ఏదీ మిగల్లేదు. రెండో రోజు తినకముందే డబ్బా ఎత్తబోయాను. గుడారం పెద్ద దాన్ని నా చేతుల్లోంచి లాక్కుని, "నీ వయసువాడు మోస్తుంటే మా కుర్రాళ్ళు నిలబడి చూడాలా? వీధిలో నా మొహం ఎలా చూపించుకోను?" అన్నాడు. నాకు చోటు కూడా నిర్ణయించాడు, వీధివైపు వరసలో మొట్టమొదటిది. ఖాళీ చాప మీద అందరికన్నా ముందు, ఒక్కణ్ణే, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగా కూర్చోవడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది. తలవంచుకుని ఖర్జూరాలు లెక్కపెడుతుండేవాణ్ణి.

కొన్నాళ్ళకు ఆ వరసలో నాకు తోడు వచ్చింది. ఎదురుగా కడుతున్న భవనంలో పనిచేసే మనవాళ్ళు, కడప వైపు మేస్త్రీలు, కోనసీమ నుంచి వచ్చిన ఇంటి డ్రైవర్లు. రోజూ రోడ్డు అవతల నిలబడి గుడారం వైపు చూసేవాళ్ళు. ఒక మేస్త్రీ ధైర్యం చేసి దగ్గరికి వచ్చాడు. "ఏం సార్, మనం కూడా కూచ్చోవచ్చునా ఈడ? ఏమన్నా అంటారేమో."

"ఏమీ అనరు. ఇక్కడికి నేను పనిచేయడానికి వచ్చాను, నన్నే కూర్చోబెట్టారు. నిన్నెందుకు వద్దంటారు?"

అతను కూర్చున్నాడు. మర్నాడు నలుగురు. తర్వాత వరసంతా నిండింది. వాళ్ళు తింటూ జోకులు వేసుకునేవాళ్ళు. నేను మాత్రం రోజూ ఇంటికి వెళ్ళి చార్టులో సున్న వేసుకునేవాణ్ణి. నా తూకం మాత్రం పెరుగుతోందని మా ఆవిడ గుర్తుచేసేది.

నెల చివరికి వచ్చేసరికి నాకు ఓపిక నశించింది. జిద్దాలో, షరఫియా పేటలో ఉండే మా బావమరిది మా ఇంటికి వస్తూ అక్కడి దర్జీతో నా కొలతకు ఒక పసుపు కోటు కుట్టించి తెచ్చాడు. దాన్ని తొడుక్కుని, చేతులకు తొడుగులు వేసుకుని, గుడారం పెద్ద ఇంకా రాకముందే లబన్ సీసాల పెట్టె ఎత్తాను. ఆయన వచ్చి కూర్చోమన్నాడు. నేను ఈ రోజు కూర్చోనన్నాను. ఇంకోసారి అన్నాడు. నేను పెట్టెను గుండెకు హత్తుకుని వెనక్కి నడిచాను. వెనక గుడారం తాడు ఉందన్న సంగతి నా ప్రణాళికలో లేదు. పెట్టె, నేను, గుడారం ఒక మూల, ముగ్గురం కలిసి కిందికి వచ్చాం. మజ్జిగ చాపల మీదంతా పారింది. కోటు మాత్రం చెక్కుచెదరలేదు, దర్జీ మంచివాడు.

నన్ను లేపి, తుడిచి, గుడారం నిలబెట్టేసరికి మసీదు నుంచి ఉపవాసం విడిచే బాంగు వినిపించింది. అప్పుడు గుడారం పెద్ద వీధి వరస చూసి ఆగిపోయాడు. ఒక్కరు లేరు. పెట్టిన పళ్ళాలు పెట్టినట్టే ఉన్నాయి. మనవాళ్ళు రోడ్డు అవతలే నిలబడి, తిరిగి వెళ్ళిపోతున్నారు. నేను తడిసిన ప్యాంటుతో పరుగెత్తి మేస్త్రీని ఆపాను.

"ఎందుకు వెళ్ళిపోతున్నారయ్యా?"

"మీరు కూచ్చోల్యా గదా సార్. మీకే చోటు లేదంటే మాకేడ ఉంటాదిలే అనుకున్యాం."

ఆ మాట గుడారం పెద్దకు హిందీలో చెప్పాను. ఆయన నా కోటు జిప్పు తీసి, మడిచి పక్కన పెట్టి, నన్ను నా చోటులో కూర్చోబెట్టాడు. మేస్త్రీ వచ్చి పక్కన కూర్చున్నాడు. వరస నిండింది. నేను ఖర్జూరం నోట్లో వేసుకున్నాకే గుడారం పెద్ద అడిగాడు, అసలు నీకు ఈ పని పిచ్చి ఏమిటని. నలభై గంటల సంగతి, మొదటి వరస సంగతి, మా అమ్మాయి పక్క కుర్చీ సంగతి అన్నీ చెప్పాను. "ఆ మేడం నంబరు ఇవ్వు" అన్నాడు.

మర్నాడు ఆయన మా ఇంటికే వచ్చాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, మా అమ్మాయి, మా ఆవిడ వింటుండగా గంటల మేడంతో మాట్లాడాడు. ఆవిడ హైదరాబాదీ ఉర్దూకు, ఆయన డ్రైవర్ల హిందీకి బాగానే పొత్తు కుదిరింది. డబ్బాలు మోయడానికి తనకు కావలసినంతమంది కుర్రాళ్ళున్నారని, మొదట కూర్చునేవాడు మాత్రం దొరకడని, ఆ పని హాజీ ఒక్కరోజు మానేస్తే ఒక వరస మొత్తం ఆకలితో వెళ్ళిపోబోయిందని చెప్పాడు.

"సార్," అంది గంటల మేడం నాతో తెలుగులో, "ఆయన చెప్పింది మంచిగనే ఉంది. కానీ తినుడు సేవ ఎట్లయితది? రేపు నన్నెవరన్న అడిగితే నేనేం చెప్పాలె?" తర్వాత గొంతు మార్చి, "పాప ఉన్నదా అక్కడ? నువ్వు చెప్పమ్మా. డబ్బాలు మోసినదానివి నువ్వు. నీ నలభై గంటలూ, మీ డాడీ నలభై గంటలూ ఒకటేనా? నువ్వు కాదంటే కాదు, ఔనంటే ఔను" అంది.

మా అమ్మాయి తన అరచేతులు చూసుకుంది. నేను ఆమె వైపు చూడలేదు. పక్షపాతం లేని నిర్ణయం జరగాలని కాదు, చూడటానికి ధైర్యం చాలక.

"మేడం," అంది, "మా నాన్న పెళ్ళికెళ్ళినా మూడో బంతి దాకా నిలబడే ఉంటాడు. అందరూ తిన్నాక, ఎవరైనా చెయ్యి పట్టుకుని లాగితే కూర్చుంటాడు. పిలవని చోట ఫ్యాన్ కింద కూడా నిలబడడు. అలాంటివాడు రోజూ అందరికంటే ముందు, అందరూ చూస్తుండగా వెళ్ళి కూర్చున్నాడంటే... నేను మోసిన డబ్బాలు అంత బరువు లేవు మేడం." ఫోన్ దగ్గరికి వంగి, "కానీ పెట్టె పడేసిన రోజు మాత్రం కౌంట్ చేయకండి" అంది.

ఆ రోజు తీసేసినా లెక్క సరిపోయింది. అవాంతరాలకు ఉంచిన గంటలు ఉన్నది అందుకే. ఆ మాట నేను పైకి అనబోతుంటే మా ఆవిడ చూసిన చూపుకు ఆగిపోయాను.

సభ ఒక హోటల్ హాల్లో జరిగింది. మొదటి వరసలో, మా అమ్మాయి పక్క కుర్చీ వెనక నా పేరు అతికించి ఉంది. కూర్చున్నాను. మేడం పేర్లు చదువుతోంది. నల్లగౌను కింద మా అమ్మాయి చెప్పుల పట్టీ ఊడితే వంగి సరిచేసుకోవడం, ఎవరికీ వినపడదనుకుని పాట కూనిరాగం తీయడం, నా వైపు తిరిగి నా టోపీ కుచ్చును సరైన పక్కకు తిప్పడం, ఇన్నేళ్ళు వెనక వరసల నుంచి ఇవేవీ నాకు కనిపించలేదు. ఇప్పుడు అన్నీ ఒక్కసారి కనిపిస్తుంటే తీరిగ్గా చూస్తూ ఉండిపోయాను. అందుకే నా పేరు పిలిచినప్పుడు వినలేదు. రెండోసారి పిలిచారు. హాలంతా ఎదురుచూస్తోంది. మా అమ్మాయి మోచేత్తో పొడిచింది.

"నాన్నా, కూర్చున్నందుకు గంటలు ఇచ్చేశారు. ఇప్పుడు లేస్తేనే చేతికిస్తారు."

లేచాను. ఎంత ఆలస్యంగా లేచానో మాత్రం చెప్పలేను. అంకెలు వదలని నేను, ఆ ఒక్క లెక్క వేసుకోలేదు. ఇప్పుడు ఆ సభలో తీసిన ఫొటో చూసినప్పుడల్లా, ఎర్రబారిన మొహంతో తడబడుతూ వేదిక వైపు నడుస్తున్న ఆ తెల్లమీసాల విద్యార్థిని కాస్త ఆగమని, ఇంకొక్క నిమిషం ఆ పిల్ల పక్కనే కూర్చోమని చెప్పాలనిపిస్తుంది.